ఎగరలేని పక్షా, ఎగరని పక్షా?

మాట్లాడలేని మనిషి వేరు, మాట్లాడని మనిషి వేరు. రాయలేని కవి వేరు, రాయని కవి వేరు. తెలుగులో ఒక్క 'లే' అక్షరం ఇంత తేడా తెస్తుందని మనందరికీ తెలుసు, రోజూ వాడుకుంటాం కూడా. పక్షుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ జాగ్రత్త ఎగిరిపోతుంది. ఎక్కడ చూసినా ఒకటే మాట: ఎగరలేని పక్షులు. ఇంగ్లిష్‌లో ఫ్లైట్‌లెస్ అంటారు కాబట్టి అలా వచ్చిందని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ ఇంగ్లిష్ మాటలో ఎగరడం 'లేదు' అని మాత్రమే ఉంది. ఎగరడం 'చేతకాదు' అని లేదు. ఆ చేతకానితనం మనం కలిపింది.

డగ్లస్ ఆడమ్స్, మార్క్ కార్వర్డైన్ కలిసి రాసిన 'లాస్ట్ ఛాన్స్ టు సీ'ని మళ్లీ చదువుతుంటే ఈ 'లే' నన్ను వదల్లేదు. 1990లో వచ్చిన పుస్తకం. 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గాలక్సీ' రాసిన ఆడమ్స్, జంతుశాస్త్రం చదువుకున్న కార్వర్డైన్ కలిసి అంతరించిపోతున్న జంతువులను వెతుక్కుంటూ దేశాలు తిరిగారు. ముందు బీబీసీ రేడియోలో సిరీస్‌గా, తర్వాత పుస్తకంగా వచ్చింది. కొమొడో డ్రాగన్లు, ఆఫ్రికా ఖడ్గమృగాలు, చైనాలో యాంగ్జీ నది డాల్ఫిన్, మారిషస్ పక్షులు అన్నీ ఉన్నాయి ఇందులో. కానీ పుస్తకం పేరు చెప్పగానే ఎక్కువ మందికి గుర్తొచ్చేది న్యూజిలాండ్ అధ్యాయం, అందులోని కాకాపో.

కాకాపో అంటే చిలుకే. ప్రపంచంలో అన్నిటికన్నా బరువైన చిలుక, మగది నాలుగు కిలోల దాకా తూగుతుంది. నాచు రంగు ఒళ్లు, గుడ్లగూబ లాంటి మొహం. పగలు పడుకుని రాత్రి తిరుగుతుంది. ఎగరదు. మగ పక్షులు కొండ మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి గుంటలు చేసుకుని, వాటికి దారులు శుభ్రం చేసుకుని, అందులో కూర్చుని ఛాతీ ఉబ్బించి గంటల తరబడి 'బూమ్' అని మోగుతాయి. ఒక రాత్రి కాదు, రెండు మూడు నెలల పాటు. ఆ మోత కొన్ని కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఆ మోతనే చీకట్లో గుండె చప్పుడుగా విని ఆడమ్స్ ఈ అధ్యాయానికి పేరు పెట్టాడు. అంత మంచి పేరు పెట్టినవాడు ఆ పక్షిని ఎలా చూశాడన్నదే నా ప్రశ్న.

ఆయన దాన్ని జోకుగా చూశాడు. నవ్వొస్తుంది, అందులో సందేహం లేదు. ఆడమ్స్ వాక్యంలో ఒక లయ ఉంది: మామూలుగా మొదలై, మధ్యలో తప్పటడుగు వేసి, చివర్న దభీమని పడుతుంది. కాకాపో చెట్టు దిగే తీరును ఆయన అదే లయలో వర్ణించాడు కాబట్టి ఆ పేజీల్లో పక్షీ వాక్యమూ ఒకటైపోతాయి. ఇది చిన్న విద్య కాదు. కానీ ఆ జోకులన్నిటికీ ఇరుసు ఒకటే, మతిమరుపు. ఎగరడాన్ని మర్చిపోయిన పక్షి. భయపడటం తెలియని పక్షి. పిల్లల్ని కనడానికి కూడా అన్నీ తప్పు పద్ధతులే ఎంచుకున్న పక్షి. లావుగా, అమాయకంగా, కొంచెం మందబుద్ధిగా.

మతిమరుపు అనే పోలికను కాస్త నొక్కి చూద్దాం. మర్చిపోవడం అంటే ఉండాల్సింది పోవడం. ఎగరడం పక్షి అసలు పని, అది పోతే పక్షికి లోటు అన్న లెక్క అందులో దాగి ఉంది. జీవశాస్త్రం లెక్క అది కాదు. ఎగరడం చాలా ఖరీదైన పని. ఛాతీ ఎముకకు పెద్ద కండలు కావాలి, వాటికి తిండి కావాలి, ఒళ్లు తేలిగ్గా ఉంచుకోవాలి. తిండి నేల మీదే దొరికి, ఎగిరి తప్పించుకోవాల్సిన అవసరం లేని చోట ఆ ఖర్చు వృథా. హిందూ మహాసముద్రంలోని అల్డాబ్రా దీవి కథ దీనికి మంచి సాక్ష్యం. మడగాస్కర్ వైపు నుంచి ఎగిరొచ్చిన రెయిల్ జాతి పక్షులు అక్కడ స్థిరపడి ఎగరడం మానేశాయి. సుమారు 1,36,000 ఏళ్ల క్రితం సముద్రం ఆ దీవిని ముంచేసింది, అవన్నీ పోయాయి. నీళ్లు తగ్గి దీవి మళ్లీ పైకొచ్చాక అదే జాతి మళ్లీ ఎగిరొచ్చింది, మళ్లీ ఎగరడం మానేసింది. జూలియన్ హ్యూమ్, డేవిడ్ మార్టిల్ శిలాజాలు చూసి 2019లో బయటపెట్టిన సంగతి ఇది. ఒకే జాతి, ఒకే దీవిలో, రెండుసార్లు. దీన్ని మతిమరుపు అంటామా? రెండుసార్లూ ఒకే లెక్క వేసి ఒకే జవాబు రాబట్టినట్టుంది కదా!

ఆడమ్స్‌కి ఇదంతా తెలియదని నేననడం లేదు. శత్రువులు లేని దీవుల్లో పెరిగినందువల్లే కాకాపో ఇలా తయారైందని ఆయనే వివరిస్తాడు, చక్కగా వివరిస్తాడు. నా పేచీ ఆ వివరణలో ఒక మాటతో. 'శత్రువులు లేని' అన్నది నిజం కాదు. న్యూజిలాండ్‌లో మనుషులు రాకముందు నేల మీద తిరిగే మాంసాహార జంతువులు లేవు, ఆ నేలకు సొంతమైన క్షీరదాలంటే గబ్బిలాలే. కానీ ఆకాశంలో శత్రువులున్నారు. హాస్ట్ గద్ద ఉండేది, మనకు తెలిసిన గద్దలన్నిటిలో పెద్దది. పెద్ద హారియర్ డేగలుండేవి. వేటాడే పక్షి కంటితో వేటాడుతుంది, కదలికను పట్టుకుంటుంది.

ఇప్పుడు మళ్లీ కాకాపోని చూడండి. నాచులో కలిసిపోయే చారల రంగు. రాత్రిపూటే బయటికి రావడం. అలికిడి వినగానే బొమ్మలా బిగుసుకుపోవడం. పైనుంచి చూసే కంటికి ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది? అలా బిగుసుకుపోవడమే ఆడమ్స్ చేతిలో హాస్యమవుతుంది, భయమంటే తెలియని పక్షి అని. నిజానికి అది భయం తెలిసిన పక్షే. దాని భయం ఆకాశానికి సరిపోయేలా తయారైంది. ఆ తర్వాత కుక్కలు, పిల్లులు, ఎలుకలు, స్టోట్లు వచ్చాయి. అవి ముక్కుతో వేటాడతాయి. కాకాపో ఒంటికి తియ్యటి, ముతక వాసన ఉంటుంది. కదలకుండా కూర్చుంటే కళ్లకు దొరకదు, ముక్కుకు దొరుకుతుంది. పక్షి మారలేదు. ప్రశ్నపత్రం మారింది.

బూమ్ సంగతీ అంతే. మరీ తగ్గు స్థాయి శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియదు కాబట్టి, రమ్మని పిలిచే మగపక్షి ఎక్కడుందో ఆడపక్షి కనుక్కోలేదని ఒక ప్రసిద్ధమైన నవ్వు ఉంది ఈ అధ్యాయంలో. ఆ నవ్వు బూమ్ దగ్గరే ఆగుతుంది. కాకాపో బూమ్‌ల మధ్యలో 'చింగ్' అని సన్నగా, లోహం మీద కొట్టినట్టు ఇంకో పిలుపు వేస్తుంది. బూమ్ దూరం నుంచి రప్పిస్తుంది, చింగ్ చోటు చూపిస్తుంది. పిల్లల్ని అరుదుగా కనడం కూడా సోమరితనం కాదు. రిము అనే చెట్టు రెండు నుంచి నాలుగేళ్లకోసారి విరగకాస్తుంది. తల్లి ఒక్కతే పిల్లల్ని సాకాలి, ఆ పంట లేకపోతే పిల్లలు బతకవు. అందుకే పంట వచ్చే ఏడాదే గూడు. మన రైతు వాన చూసి విత్తనం వేస్తే దాన్ని మతిమరుపు అనం.

ఒక జోకు కోసం ఇంత తవ్వడం ఎందుకు అనిపించవచ్చు. తవ్వాల్సిందే, ఎందుకంటే ఈ జోకు ఒక నేరాన్ని కనబడకుండా చేస్తుంది. పక్షి తెలివితక్కువదైతే పోవడం దాని స్వభావం. అప్పుడు ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. డోడో విషయంలో జరిగింది అదే. మారిషస్‌లో ఓడల వాళ్లు దింపిన ఎలుకలు, పందులు, కోతులు ఆ పక్షి గూళ్లను తినేశాయి. దాన్ని చివరిసారి చూసినట్టు నమ్మకంగా చెప్పగలిగేది 1662లో. మన కోరంగి రేవు నుంచి కూలీలు మారిషస్ ఓడలెక్కేనాటికి డోడో పోయి నూట యాభై ఏళ్లు దాటింది. ఇవాళ డోడో అంటే ఇంగ్లిష్‌లో మందమతి అని తిట్టు. చంపినవాళ్ల ఊసు ఆ తిట్టులో ఎక్కడా లేదు.

న్యూజిలాండ్‌లో జవాబు చెప్పాల్సినవాళ్ల పేర్లు రికార్డుల్లోనే ఉన్నాయి. కథ మావోరీలు తెచ్చిన ఎలుకతో, కుక్కతో మొదలైంది. వాళ్లు కాకాపోని వేటాడారు, తిన్నారు, ఈకలతో శాలువాలు చేసుకున్నారు. ఆ తర్వాత యూరోపియన్లు వేటకనీ, తిండికనీ కుందేళ్లు తెచ్చారు. కుందేళ్లు పెరిగి గొర్రెల మేత తినేస్తుంటే, వాటిని చంపడానికని 1880లలో స్టోట్లను, ఫెర్రెట్లను, వీజిళ్లను దిగుమతి చేసి వదిలారు. స్టోట్ అంటే చిన్న ముంగిసలా సన్నగా, చురుగ్గా ఉండే వేటజంతువు. ఇవి పక్షుల్ని బతకనివ్వవని ఆనాడే హెచ్చరించినవాళ్లున్నారు. ఎవరూ వినలేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్ద పాత్ర రిచర్డ్ హెన్రీ. 1894లో ఆయన్ని రిజల్యూషన్ అనే దీవికి సంరక్షకుడిగా వేశారు. మూతికి చిక్కం కట్టిన కుక్కతో ప్రధాన భూభాగంలో కాకాపోల్ని, కివీల్ని వెతికి పట్టుకుని, పడవలో ఆ దీవికి చేర్చేవాడు. అలా వందల పక్షుల్ని చేర్చాడు. 1900లో ఆ దీవిలో స్టోట్ కనబడింది. సముద్రం ఈది వచ్చింది. అప్పటికి ఆయన ఆరేళ్ల కష్టం నీళ్లపాలు. అయినా ఇంకో ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. ఈ మనిషి పక్కన పెట్టి చూస్తే మతిమరుపు జోకు ఎంత పలచగా ఉందో తెలుస్తుంది. మర్చిపోయింది పక్షి కాదు.

ఇంత అన్నాక ఆడమ్స్ పక్షాన కూడా మాట్లాడాలి, లేకపోతే ఇది విమర్శ కాదు. ఆయన వెళ్లేటప్పటికి ప్రపంచంలో మిగిలిన కాకాపోలు నలభై ప్రాంతంలో ఉన్నాయి. ఫియర్డ్‌ల్యాండ్‌లో హెలికాప్టర్లో తిరిగితే పాడుబడిన గుంట మాత్రమే కనబడింది. చివరికి కాడ్‌ఫిష్ దీవిలో పక్షి కనబడ్డ ఘట్టం చదవండి. అక్కడ ఆడమ్స్ వాక్యం తడబడటం మానేస్తుంది. జోకుల మనిషి గొంతు తగ్గించి మాట్లాడతాడు. నవ్వించి దగ్గరికి తీసుకెళ్లాక, ఎదురుగా ఉన్నది మనం నవ్విన బొమ్మ కాదని చూపిస్తాడు. అధ్యాయం మొదటి సగంలో జోకులు లేకపోతే రెండో సగంలో ఆ నిశ్శబ్దం అంత బరువుగా ఉండదు. డేవిడ్ క్వామెన్ 'ద సాంగ్ ఆఫ్ ద డోడో' 1996లో వచ్చింది. దీవుల జీవశాస్త్రం మీద దానికంటే లోతైన పుస్తకం మామూలు పాఠకులకు దొరకడం కష్టం. ఎలిసన్ బాలెన్స్ 2010లో కాకాపో మీదే పుస్తకం రాసింది, సంరక్షణ చరిత్ర తెలుసుకోవాలంటే ముందు అదే చదవాలి. అయినా కాకాపో పేరు ఎరగని లక్షల మందికి దాన్ని పరిచయం చేసింది ఆడమ్స్ నవ్వే.

కానీ నవ్వు తెచ్చే పరిచయానికి ఒక గుణం ఉంది. మొదటి నవ్వు దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆడమ్స్ 2001లో చనిపోయాడు. 2009లో కార్వర్డైన్, స్టీఫెన్ ఫ్రైతో కలిసి అదే ప్రయాణాన్ని టీవీ కోసం మళ్లీ చేశాడు. అందులో సిరోకో అనే కాకాపో కార్వర్డైన్ మెడ మీదికెక్కి జతకట్టబోయిన వీడియో మీరు చూసే ఉంటారు. ఫ్రై పక్కన నిలబడి నవ్వుతూ వ్యాఖ్యానిస్తుంటాడు. నవ్వకుండా ఉండటం కష్టం. ఆ తర్వాత ఏడాది న్యూజిలాండ్ ప్రధాని ఆ పక్షిని ప్రకృతి సంరక్షణకు అధికార ప్రతినిధిగా ప్రకటించాడు. బాగానే ఉంది. అయితే సిరోకో అలా ఎందుకు చేసింది? పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఊపిరి జబ్బు చేస్తే బతికించడానికి మనుషులు చేత్తో పెంచారు. దాంతో అది మనుషుల్నే తన జాతి అనుకుంది. కాపాడటానికి అది చెల్లించిన ధర ఆ వీడియోలో ఉంది. వీడియో కింద కామెంట్లలో మాత్రం పిచ్చి పక్షి.

అందుకే నాకు పేర్ల మీద ఇంత పట్టింపు. కాకాపో అన్నది మావోరీ మాట. కాకా అంటే చిలుక, పో అంటే రాత్రి. రాత్రి చిలుక, అంతే. ఎగరకపోవడం ఊసే లేదు. 1845లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జి. ఆర్. గ్రే పెట్టిన శాస్త్రీయ నామం స్ట్రిగాప్స్ హాబ్రోప్టిలస్‌లో గుడ్లగూబ మొహం ఉంది, మెత్తటి ఈక ఉంది. చీకట్లో వెతికి పట్టుకున్నవాళ్లూ, మ్యూజియం బల్ల మీద పెట్టి పరిశీలించినవాళ్లూ దానిలో ఉన్నదాన్ని బట్టే పేరు పెట్టారు. లేనిదాన్ని బట్టి పిలవడం దూరం నుంచి జాబితాలు రాసేవాళ్ల అలవాటు. అసలు ఆ జాబితా ఏమిటి? నిప్పుకోడి గంటకు 70 కిలోమీటర్ల దాకా పరిగెడుతుంది. ఎంపరర్ పెంగ్విన్ సముద్రంలో 500 మీటర్లకు పైగా లోతుకు మునుగుతుంది. కాకాపో ముక్కుతో, కాళ్లతో పెద్ద పెద్ద చెట్లెక్కుతుంది. ఎడారి అంచు, మంచు సముద్రం, తడి అడవి. ఈ మూడిటినీ ఒక గంపలో వేయడానికి మనకు దొరికిన ఒకే ఒక్క కారణం, అవి చేయని పని.

తెలుగులో ఈ విషయం రాసేవాళ్లకు ఇదో చిక్కు. 'పక్షి' సంస్కృతం, రెక్కలున్నది అని అర్థం. ఆ మాటతోనే ఎగరడం మనసులోకొస్తుంది. 'ఎగరలేని' అనగానే ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అనే సామెత గొంతు, ఆ వెటకారం కూడా వెంట వస్తాయి. పోనీ 'ఎగరని' అందామా? దానికీ ఇబ్బంది ఉంది. అలిగి తినని పిల్లాడిలా అందులో పంతం వినిపిస్తుంది. పక్షి పంతం పట్టలేదు, ఏదీ ఎంచుకోలేదు. అయినా రెండిటిలో నేను 'ఎగరని'కే ఓటేస్తాను. పంతం అయినా అంటగట్టొచ్చు గానీ, అవిటితనం అంటగట్టకూడదు. అంతకన్నా మంచిది, వీలైనచోటల్లా పేరు పెట్టి పిలవడం, ఏం చేస్తుందో చెప్పడం.

ఆ పని చేయడానికి మన భాషలోనే మంచి సామాను ఉంది. తెలుగువాడికి రెక్క అంటే ఎగిరేది మాత్రమే కాదు. రెక్కల కష్టం అంటాం. రెక్కాడితే గానీ డొక్కాడదు అంటాం. అవి పొలంలో వంగి పనిచేసే మనిషి రెక్కలు, ఒక్కడుగు కూడా గాల్లోకి లేవనివి. కాకాపో రెక్కలూ ఆ జాతివే. చెట్టెక్కేటప్పుడు ఒళ్లు నిలదొక్కుకోవడానికి, పైనుంచి దూకేటప్పుడు పడే వేగం తగ్గించుకోవడానికి వాడుకుంటుంది. రెక్కలు దండగ అని ఇంగ్లిష్ జోకు అనొచ్చు. రెక్కాడించడం తెలిసిన భాషలో ఆ జోకు పేలదు.

ఈ అధ్యాయాన్ని ఎవరైనా తెలుగులోకి తెస్తే బాగుంటుందని నాకు ఆశ. హాస్యం పోకుండా తేవాలి. మతిమరుపు దగ్గర మాత్రం అనువాదకులు ఒక్క క్షణం ఆగి, ఆ జోకు ఎవరిని కాపాడుతోందో చూసుకోవాలి. ఎందుకంటే ఆడమ్స్ పుస్తకం పేరులోని చివరి అవకాశం ఇంకా అయిపోలేదు. 1995లో 51 ఉన్న కాకాపోలు 2022లో 252 అయ్యాయి. ఈ పక్షిని 1998 నాటి చట్టం న్గాయ్ తాహు తెగవారి వారసత్వ సంపదగా గుర్తించింది, సంరక్షణలో వాళ్లూ భాగస్వాములు. ఎలుకల్ని పూర్తిగా తీసేసిన కాడ్‌ఫిష్ దీవికి వాళ్ల పేరు ఫెనువా హౌ, కొత్త నేల అని. 2023లో నాలుగు మగ కాకాపోల్ని ప్రధాన భూభాగంలోని మౌంగాటౌటరి కొండకు తెచ్చారు, దాదాపు నలభై ఏళ్ల తర్వాత మొదటిసారి. కొండ చుట్టూ వేటజంతువులు దూరకుండా కట్టిన ఎత్తైన కంచె ఉంది. లోపలికి ఏదీ రాకూడదని కట్టారు. కొన్ని కాకాపోలు ఆ కంచె దాటి బయటికి వెళ్లిపోయాయి. వాటిని వెతికి వెనక్కి తేవాల్సి వచ్చింది.